మౌన ప్రార్థన క్లాసులో చేరే ముందు ఒక్క ప్రశ్న అడగండి

పోయిన ఏడాది క్రిస్మస్ సెలవులకి మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి తెనాలి వచ్చింది. రెండో రోజు పొద్దున ఆరింటికి కాఫీ తీసుకుని గదిలోకి వెళ్తే, కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుని ఉంది. ఒళ్లో సెల్‌ఫోను, అందులో 20 నిమిషాల టైమర్ తిరుగుతోంది. బైబిలు కనిపించలేదు. నేను పలకరించకుండా గంట మోగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. కాఫీ చల్లారిపోయింది.

"ఏం చేస్తున్నావే?"

"ప్రార్థన, పెద్దమ్మా."

"ఏమని చేశావు?"

"ఏమనీ లేదు. ఏమీ అనకపోవడమే ప్రార్థన."

నేను పుట్టుకతో లూథరన్‌ని, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంటు సంఘందాన్ని. హైస్కూల్లో 31 ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా గుడిలో స్త్రీల సమాజం పనులు చూస్తుంటాను. ఇంతటి దాన్ని, ఆ పొద్దున నోరు జారాను. "ఇది మంత్రజపం కదే!" అనేశాను. పిల్ల ముఖం ముడుచుకుంది. ఆ తర్వాత రెండు రోజులు టైమర్ మూసిన తలుపు వెనకాల మోగింది. కాబట్టి మీ ఇంట్లోనో మీ సంఘంలోనో ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే మొదట చేయాల్సిన పని నోరు కట్టుకోవడం. అది నేను చేయలేదు. రెండో పని, వాళ్లకు ఏం నేర్పారో పూర్తిగా వినడం. అది మాత్రం చేశాను. మూడో రోజు తనే దిగొచ్చి ఆన్‌లైన్ క్లాసులో రాసుకున్న నోట్సు చూపించింది. అది చదివి, మూడు వారాల పాటు నేనూ కూర్చుని చూశాను. ఇక్కడ రాసేదంతా ఆ మూడు వారాల్లోనూ, ఆ తర్వాత పుస్తకాలు తిరగేస్తూనూ తెలుసుకున్నది.

ముందు పేర్లు విడదీసుకోండి. సగం గొడవ మాటతోనే వస్తుంది. తెలుగులో అన్నిటికీ "ధ్యానం" అనేస్తాం. మొదటి కీర్తనలో "దివారాత్రము దానిని ధ్యానించువాడు" అన్నచోట హీబ్రూలో ఉన్న మాట "హాగా". అంటే లోగొంతుకతో గొణుక్కోవడం. యెషయా గ్రంథంలో సింహం గుర్రుమనడానికీ, పావురం మూలగడానికీ ఇదే మాట వాడారు. బైబిలు ధ్యానంలో పెదాలు కదులుతాయన్నమాట. మా అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తూ కీర్తన వాక్యాలు నెమరేసుకునేది కదా, అది.

ఇక క్రైస్తవుల్లో "మౌన ప్రార్థన" పేరుతో తిరిగేవి నాకు తెలిసి నాలుగు రకాలు. ఒకటి, వాక్యాన్ని నిదానంగా చదివి, నెమరేసి, దాంతోనే ప్రార్థించి, చివర ఊరకుండడం. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ సన్యాసి దీన్ని నాలుగు మెట్ల నిచ్చెనగా రాసిపెట్టాడు. రెండోది, ఆర్థడాక్స్ సంఘాల్లో చెప్పుకునే యేసు ప్రార్థన: "ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అని మళ్లీ మళ్లీ అనుకోవడం. మూడోది మనదే, కనిపెట్టుకుని ఉండడం, అంటే దేవుడి కోసం మౌనంగా ఎదురుచూడడం. గుంటూరు వైపు వాళ్లకి ఇది కొత్త కాదు. లూథరన్ సంఘంలోంచి వచ్చిన దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషన్‌లో "సన్నిధి" అనే మాట అప్పటి నుంచీ వినబడుతూనే ఉంది.

నాలుగోది మా పిల్ల నేర్చుకున్నది. ఇంగ్లీషులో సెంటరింగ్ ప్రేయర్ అంటారు. ఇది పురాతనం అని క్లాసుల్లో చెబుతారు గానీ, ఈ రూపం 1970ల నాటిది. అమెరికాలో మసాచుసెట్స్‌లోని స్పెన్సర్ అనే ఊళ్లో ట్రాపిస్టులనే కాథలిక్ సన్యాసుల మఠం ఉంది. అప్పట్లో కాథలిక్ యువతీ యువకులు జెన్ అనే బౌద్ధ ధ్యానం అనీ, మహర్షి మహేశ్ యోగి ధ్యానం అనీ పోతుంటే, మన ఇంట్లో లేదా ఇలాంటిది అని అక్కడి సన్యాసులు వెతికారు. విలియం మెనింజర్‌కి 14వ శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. రాసినవారి పేరు లేదు, పుస్తకం పేరుని మాత్రం తెలుగులో "అజ్ఞాన మేఘం" అని చెప్పుకోవచ్చు. దాని ఆధారంగా ఆయన, బాసిల్ పెన్నింగ్టన్, థామస్ కీటింగ్ కలిసి ఈ పద్ధతి తయారుచేశారు. ఒక చిన్న పదం ఎంచుకోవాలి, కళ్లు మూసుకుని కూర్చోవాలి, ఆలోచన వచ్చినప్పుడల్లా మెల్లగా పదానికి తిరిగి రావాలి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు. దీనికి దగ్గరిదే జాన్ మెయిన్ అనే బెనెడిక్టైన్ సన్యాసి నేర్పినది. "మరనాతా" అనే మాటని నాలుగు అక్షరాలుగా విడదీసి జపించడం. ఆయన ఇలా జపించడం మొదట నేర్చుకున్నది మలయాలో (ఇప్పటి మలేసియా) ఒక హిందూ స్వామి దగ్గర. ఆ సంగతి ఆయనే దాచకుండా చెప్పాడు.

పుట్టిన చోటు తెలిసింది కదా అని అక్కడే తీర్పు చెప్పేయకండి. మనం కీర్తనలు పాడే రాగాలు ఎక్కడ పుట్టాయని వెతికితే మనకే ఇబ్బంది. అడగాల్సింది వేరే ఉంది.

ఆ ఒక్క ప్రశ్న ఇది: "కూర్చున్నప్పుడు యేసు ప్రభువే గుర్తొస్తే ఏం చేయమంటారు?"

నేర్పేవారిని మర్యాదగా, అందరి ముందూ అడగండి. "ఆయనతో మాట్లాడుకో" అని జవాబొస్తే, పద్ధతి ఏదైనా సగం టెన్షన్ తీరినట్టే. "అదీ ఒక ఆలోచనే, వదిలేసి పదానికి రా" అంటే మాత్రం ఆగండి. మా పిల్ల నోట్సులో సరిగ్గా ఇదే ఉంది. జ్ఞాపకాలు, బొమ్మలు, భావాలు, ఆఖరికి భక్తి తలంపులు కూడా "ఆలోచనల" కిందికే వస్తాయట, అన్నిటినీ వదిలేయాలట.

ఈ మాట ఎంత దూరం పోతుందో మా ఇంట్లోనే చూశాను. కరోనా రెండో వేవ్‌లో మా మరిది, అంటే ఆ పిల్ల నాన్న, పోయాడు. ఒకరోజు క్లాసులో కూర్చుని ఉండగా నాన్న ముఖం కనబడి ఏడుపొచ్చిందట. తర్వాత చెప్పుకుంటే, "మంచిదే, పాతవి బయటికి పోతున్నాయి, పట్టుకోకండి, పదానికి తిరిగి రండి" అన్నారట. ఆ రాత్రి నిద్ర లేదు. తర్వాతి పది రోజులూ అంతంత మాత్రమే. నేర్పినవాళ్లు దుర్మార్గులని నేను అనను. కానీ తండ్రి కోసం ఏడుస్తున్న పిల్లకి 88వ కీర్తన చేతిలో పెట్టాలి. అది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది, ఏ ఓదార్పూ అతికించదు. ఆ పిల్ల దుఃఖాన్ని దేవుడి ముందు గట్టిగా చెప్పుకునే హక్కు దానికి ఉంది. దాన్ని ఎవరో "ఆలోచన" అని పేరు పెట్టి పక్కన పెట్టించారు.

రెండు వైపులా చెప్పాలి కదా. వాళ్లు ఇచ్చే సమాధానం కూడా వినండి. ఆ పదం మంత్రం కాదు, దేవుడి సన్నిధికి ఒప్పుకుంటున్నామనే గుర్తు మాత్రమే అంటారు. 20 నిమిషాలు తప్ప మిగతా రోజంతా బైబిలు చదవొద్దని ఎవరూ అనలేదంటారు. నిజమే. "అజ్ఞాన మేఘం" రాసినాయన కూడా దేవుడి మంచితనం గురించిన తలంపుల్ని సైతం ఆ కాసేపు మరుపు మేఘం కింద పెట్టమన్నాడు. అయితే అదే పుస్తకం మొదట్లోనే, దీన్ని అందరి చేతుల్లో పెట్టొద్దని ఒట్టు పెట్టినంత పని చేశాడు. చదవడం, తలపోయడం, ప్రార్థించడం ముందు వచ్చి ఉండాలనీ రాశాడు. వారాంతపు ఆన్‌లైన్ క్లాసుకి ఈ షరతులు చేరినట్టు లేవు.

నా ప్రశ్న కాథలిక్కుల మీద లూథరన్ల కోపం అనుకునేవారికి ఇంకొక సంగతి. ఆవిలా తెరేసమ్మ, 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని, మౌన ప్రార్థనకి పెద్ద పేరు. ఆవిడ కాలంలోనే కొందరు గురువులు, ధ్యానంలో పైకెళ్లాలంటే క్రీస్తు మానవరూపాన్ని కూడా దాటిపోవాలని నేర్పారు. ఆవిడ కొంతకాలం అలా చేసి, తర్వాత ఎంత తప్పు చేశానో అని తన జీవితకథలో ఒక అధ్యాయమే రాసుకుంది. 22వ అధ్యాయం. అంత లోతుకి వెళ్లినావిడే యేసుని వదలొద్దంటుంటే, నిన్నగాక మొన్న టైమర్ పెట్టుకున్నవాళ్లం మనమెంత?

మన భాషలో "కనిపెట్టుకొని యుండుము" అనే మాట ఎంత మంచిదో ఈ గొడవలో పడ్డాకే నాకు తెలిసింది. 31 ఏళ్లు తెలుగు చెప్పాను, ఒక్కసారీ తట్టలేదు. కనిపెట్టడం అంటే వచ్చే మనిషి మీద కన్నేసి ఉంచడం. తెనాలి బస్టాండ్‌లో చెల్లెలి కోసం నిలబడ్డదాన్ని చూడండి. నోట మాట ఉండదు, కానీ బుర్ర ఖాళీగా ఉండదు. దిగే ప్రతి ఆడమనిషి చీర రంగు చూస్తుంది. మౌనం ఆ క్లాసు పద్ధతిలోనూ ఉంది, ఈ కనిపెట్టడంలోనూ ఉంది. కనిపెట్టడంలో మాత్రం మనం ఎవరి కోసం చూస్తున్నామో ఆ మనిషి ఉన్నాడు.

ఇక మిగతా ప్రశ్నలు చకచకా. ఫీజు ఎంత, పై "లెవెల్" కి ఎంత? మీ సంఘం అయ్యగారికి, అంటే పాస్టరుకి, చెప్పొద్దన్నారా? "మీకు ఇంకా అర్థం కాదు" అనే జవాబు ఎన్నిసార్లు వచ్చింది? పాపం, క్షమాపణ, సిలువ అనే మాటలు మొత్తం క్లాసుల్లో ఒక్కసారైనా వినబడ్డాయా? శోధన వచ్చినా ఎదిరించక్కర్లేదు, ఊరకుంటే చాలు అన్నారా? ఈ ఆఖరి దానికి చరిత్ర ఉంది. మిగెల్ దె మోలినోస్ అనే స్పెయిన్ ఫాదిరీ 17వ శతాబ్దంలో రోములో ఇలాంటిదే నేర్పాడు. ఆత్మ పూర్తిగా నిశ్చలమైతే చాలన్నాడు. 1687లో పోపు ఆ బోధని ఖండించారు, ఆయన జైల్లోనే పోయాడు. జైలు శిక్ష నేను మెచ్చేది కాదు గానీ, ఆ బోధ మాత్రం ప్రమాదకరమైనదే.

నేను కూర్చున్న మూడు వారాల సంగతి. "శాంతి" అనే మాట పెట్టుకున్నాను. మొదటి వారం కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టడమే సరిపోయింది. రెండో వారానికి చేతులు వెచ్చబడ్డాయి, ఒళ్లు దూదిలా అయింది, మోకాళ్ల నొప్పి తెలియలేదు. హాయిగా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఎండాకాలం మధ్యాహ్నం స్నానం చేసి ఫ్యాను కింద కూర్చుంటే వచ్చే హాయి కూడా అలాగే ఉంటుంది. 1989 అక్టోబరులో వాటికన్ నుంచి కార్డినల్ రాట్జింగర్ సంతకంతో బిషప్పులకు ఒక లేఖ వెళ్లింది. కొన్ని శారీరక అభ్యాసాల వల్ల ప్రశాంతత, వెచ్చదనం, వెలుగు లాంటివి వాటంతట అవే వస్తాయి, వాటిని పరిశుద్ధాత్మ ఇచ్చే ఆదరణ అనుకుంటే పొరపాటు అని అందులో ఉంది. లూథరన్‌ని అయినా ఆ ముక్కకి నేను చేతులెత్తి దండం పెడతాను. మూడో వారం ఒక బుధవారం గమనించాను: నాలుగు రోజులుగా బైబిలు తెరవలేదు. తెరవలేదన్న బెంగ కూడా లేదు. ఆ రోజుతో మానేశాను.

ఇప్పుడు రెండో గట్టు. ఈ భయంలో పడి మౌనాన్నీ, ఒకే మాట మళ్లీ అనడాన్నీ సైతాను పని అనేవాళ్లు తయారయ్యారు. మా సమాజంలోనే ఒకావిడ యేసు ప్రార్థన అన్యుల జపమంది. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని మత్తయి 6లో ఉందిగా అని ఆవిడ వాదన. అక్కడ తప్పన్నది వ్యర్థాన్ని. ఎక్కువ మాట్లాడితే దేవుడు వింటాడనే లెక్కని. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు వస్తుంది. గెత్సేమనేలో ప్రభువే మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడు. యేసు ప్రార్థనలోని చివరి ముక్క, ప్రభువు చెప్పిన ఉపమానంలో దేవాలయానికి వెళ్లిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) రొమ్ము కొట్టుకుంటూ అన్నదే. అయినా మన కీర్తనల్లో పల్లవి ఎన్నిసార్లు పాడతామో ఎప్పుడైనా లెక్కపెట్టామా?

మరి ఎలా కూర్చోవాలి అంటారా? నాకు కుదిరిన పద్ధతి ఒక మంగలి కోసం రాసినది. జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో పేతురు అనే మంగలి, ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని మార్టిన్ లూథర్‌ని అడిగాడు. 1535లో లూథర్ ఆయన కోసం ఒక చిన్న పుస్తకమే రాశాడు. అందులో ఒక మాట: మంచి మంగలి మనసంతా కత్తి మీదా గడ్డం మీదా ఉంచాలి, కబుర్లలో పడితే ముక్కో నోరో కోసేస్తాడు, ప్రార్థన కూడా అంతే. (అదే ఏడాది ఆ పేతురు తాగిన మత్తులో అల్లుణ్ణి పొడిచి చంపాడు. లూథర్ ఆయన తరఫున మాట్లాడితే దేశం వెళ్లగొట్టడంతో సరిపెట్టారు. మంచి పద్ధతి చేతిలో ఉంటే మనిషి బాగుపడినట్టే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.)

ఆ పుస్తకంలో చెప్పినది నాలుగు పేటల దండ. వాక్యాన్ని తీసుకుని, ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగుసార్లు తిప్పాలి. నేను పొద్దున అయిదున్నరకి, పాలవాడు రాకముందు కూర్చుంటాను. పోయిన సోమవారం "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" తీసుకున్నాను. పైకే చదువుతాను, మూడుసార్లు, ప్రతిసారీ ఒక మాట మీద ఆగుతూ. ఆ రోజు "నా" దగ్గర ఆగిపోయాను. కాపరి అని ఊరుకోలేదు, నా కాపరి అన్నాడు. అది నేర్చుకోవడం. పెన్షను వేళకి పడింది, కళ్ల ఆపరేషను బాగా జరిగింది, అది కృతజ్ఞత. లేమి కలుగదు అంటూనే మా ఆడపడుచు కొత్త ఇల్లు చూసి రెండు రోజులు కుళ్లుకున్నాను, అది ఒప్పుకోలు. ఆవిడ మోకాలి నొప్పి తగ్గాలని అడిగాను, అయిష్టంగానే.

అదయ్యాక అయిదు నిమిషాలు ఊరకుంటాను. ఇదీ లూథర్ చెప్పినదే. ప్రార్థనలో మంచి తలంపులు పొంగుకొస్తే మిగతావి ఆపి మౌనంగా వినమన్నాడు. ఈ అయిదు నిమిషాల్లో గ్యాస్ బుకింగ్ గుర్తొస్తుంది, చెల్లెలు గుర్తొస్తుంది. తోసెయ్యను. గ్యాస్ సంగతి పక్కనున్న కాగితం మీద రాసేస్తాను. చెల్లెలు గుర్తొస్తే ఆ పేరు ప్రభువుకి చెబుతాను. ఏమీ తోచకపోతే మళ్లీ వాక్యం దగ్గరికి వస్తాను. టైమర్ నేనూ పెడతాను, తప్పేం లేదు. మొత్తం 25 నిమిషాలు దాటదు. కొత్తవాళ్లు పదితో మొదలుపెట్టండి, మౌనం రెండు నిమిషాలు చాలు. నిద్రపడితే తిట్టుకోకండి, రేపు ముఖం కడుక్కుని కూర్చోండి.

కూర్చున్నప్పుడు వెలుగో, స్వరమో, ముఖమో కనబడితే? మన సంఘాల్లో ఇది చాలా తేలిగ్గా సాక్ష్యంగా మారిపోతుంది, రెండో ఆదివారానికి పోస్టరు మీదికి ఎక్కుతుంది. యోహాను ఆఫ్ ది క్రాస్, తెరేసమ్మకి తోడుగా పనిచేసిన సన్యాసి, దర్శనాల కోసం వెంపర్లాడొద్దని గట్టిగా చెప్పాడు. దేవుడు తన కుమారుడిలో చెప్పాల్సిందంతా చెప్పేశాడు, ఇంకా ఏదో కావాలనడం ఆయన్ని నొప్పించడమే అన్నాడు. మర్మజ్ఞానులు అని మనం భయపడేవాళ్లలో పెద్దాయన మాట ఇది. కాబట్టి కనబడినదాన్ని తారీకు వేసి రాసుకోండి, పెళ్లి, ఉద్యోగం, డబ్బు నిర్ణయాలు దాని మీద తీసుకోకండి, మీ మాటకి తల ఊపని మనిషి ఒకరికి చెప్పండి. నేనైతే మా అయ్యగారి కంటే ముందు అమ్మగారికి చెబుతాను.

ఒక విషయం మాత్రం మెల్లగా చెప్పేది కాదు. ధ్యానం మొదలుపెట్టాక నిద్ర పోతుంటే, ఒళ్లు తనది కానట్టు అనిపిస్తుంటే, గుండె దడ, చచ్చిపోవాలనే తలంపు వస్తుంటే వెంటనే ఆపేయండి. "ఇంకా లోతుకి వెళ్తున్నావు, ఆపకు" అనే గురువుని నమ్మకండి. "దయ్యం పట్టింది" అని ఉపవాస కూటానికి ఈడ్చుకెళ్లే చుట్టాలనూ నమ్మకండి. డాక్టర్ని కలవండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు. మా పిల్లని నేనే మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. రెండు నెలల్లో నిద్ర కుదుటపడింది.

ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు ఆలస్యంగా తెలిసింది. "నువ్వు చేసేది తప్పు" అన్నన్నాళ్లూ తలుపు మూసే ఉంది. "నీ పక్కన నేనూ కూర్చుంటాను, చివర ఒక్క వాక్యం చదువుకుందాం" అన్నాక తెరుచుకుంది. క్లాసు మానమని నేను చెప్పలేదు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం వాళ్లని అడగమన్నాను. అడిగింది. వచ్చిన జవాబు నాకు చెప్పలేదు, నేను రెట్టించలేదు. ఆ నెల తర్వాత ఫీజు కట్టలేదని చెల్లెలు చెప్పింది.

ఇప్పటికీ పొద్దున్నే టైమర్ పెట్టుకుంటుంది, 12 నిమిషాలకి. నిన్న ఆఫీసు క్యాబ్‌లోంచి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, 23వ కీర్తనలో కాపరికి దుడ్డుకర్ర అనీ, దండం అనీ రెండు కర్రలెందుకు? ఒకటి చాలదా?" అంది. నాకూ వెంటనే తట్టలేదు. సాయంత్రం చెబుతానని ఫోన్ పెట్టేసి, బైబిలు తీసి కూర్చున్నాను.